చెయ్యి ఊపితే వెలిగే లైటు

ఆ లైటు మా ఆయనే కొన్నాడు. చేపల వేట నుంచి తడి చేతులతో వచ్చి స్విచ్చు ముట్టుకుంటే ఒకసారి షాకు కొట్టింది. ఆ వారమే గూడూరు వెళ్లి, మనిషి వస్తే తానే వెలిగి, కదలిక లేకపోతే తానే ఆరిపోయే లైటు తెచ్చి ముందు గదిలో బిగించాడు. వచ్చినవాళ్లందరినీ గడప దగ్గర నిలబెట్టి, "అడుగు పెట్టన్నా, చూడు" అని మురిసిపోయేవాడు. పెళ్లినాడు కూడా ఆ మొహంలో అంత సంబరం చూడలేదు నేను.

తర్వాత పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మంచం ముందు గదిలోనే వేశాం. కదలకుండా పడుకుంటే కాసేపటికే లైటు ఆరిపోయేది. ఎడమ చెయ్యి ఎత్తి ఊపితే మళ్లీ వెలిగేది.

"ఏంది మే, నేను కొన్న లైటుకే నేను మనిషిగా ఆనటంల్యా?" అన్నాడొకరోజు ముద్దముద్దగా. నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. మామూలు లైటు పెట్టిస్తానంటే ఒప్పుకోలేదు. "ఉండనీ. చెయ్యి ఆడిస్తా ఉంటా" అన్నాడు. మొండిఘటం.

రానురాను నాకూ అది అలవాటైంది. పొయ్యి దగ్గర కూర్చుంటే వంటింటి గడప మీద ఆ వెలుతురు కనిపించేది. వెలుతురు ఉందంటే ఆయన ఉన్నట్టే. ఆరిపోతే "ఏమయ్యా!" అని కేకేసేదాన్ని, వెంటనే వెలిగేది. మాట కష్టమైన మనిషికి అదే జవాబు.

ఆ సాయంత్రం మబ్బు పట్టి, పొద్దు గూకకముందే చీకటైంది. చేపల పులుసు పెడుతున్నాను. లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. ఈరోజు చెయ్యి బాగా ఆడుతోంది, దేవుడు కళ్లు తెరిచాడనుకున్నాను. పులుసు దించి, ముళ్లు తీసి, అన్నం కలిపి తీసుకెళ్లాను.

మా పిల్లి ఆయన గుండెల మీద ఉంది. రోజూ తన కంచంలోది తీసి పెట్టి ఆయన సాకిన పిల్లి. ఎడమ చేతిని నాకుతోంది, తలతో పొడుస్తోంది, మంచం దిగి మళ్లీ ఎక్కుతోంది. కంచం కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లబడిపోయి ఉంది.

జనం వచ్చారు. "ఇంట్లోనే ఉండావు గదా, తెలీల్యా?" అంది మా వదిన. "లైటు వెలుగుతానే ఉండింది వదినా" అన్నాను.

ఏడ్చి ఏడ్చి అందరూ అలిసిపోయారు. ఎక్కడివాళ్లక్కడ కదలకుండా కూర్చున్నారు. లైటు ఆరిపోయింది.

"ఏమయ్యా!" అని కేకేశాను.

ఎవరో చెయ్యి ఎత్తారు. లైటు వెలిగింది.