ఎడమ పెట్టె

తాండూరు మామ పోయాడు. పొద్దున తొమ్మిదింటికి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే" అంది. అయ్యో అని ఏడవాల్సింది పోయి, ఇక ఆయనకు చెప్పడానికి లేదు అన్నదే మొదట తోచింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఈ వరుస మంచిది కాదని నాకు తెలుసు, కానీ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు అన్న. తాండూరు బండలకు పాలిష్ పెట్టే యూనిట్ల మధ్య ఒక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా మోటార్లకు రాగి తీగతో వైండింగ్ కట్టాడు. వయసుకు నెరవక ముందే ఆయన కనుబొమ్మలు రాతి పొడికి తెల్లబడ్డాయి. కాలిపోయిన మోటారు ముందు గొంతుక్కూర్చుని, బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చే గిరాకీల దగ్గర నేర్చుకున్న కన్నడంలో "ఏనాయ్తు?" అని, ఏమైందని దాన్నే అడిగేవాడు, డాక్టరు రోగిని అడిగినట్టు. విప్పిన స్క్రూలను ఒక స్టీలు మూతలో, అవి ఉన్న చోటు ప్రకారమే పేర్చేవాడు. వాటిని ఎవరైనా కదిపితే మాత్రం ఆ పూట చాయ్ కూడా ముట్టేవాడు కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచీ భయాలెక్కువ. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా, ఫోన్‌లో అమ్మ గొంతు ఎందుకలా ఉంది, ఇదే గోల. వికారాబాద్ నుంచి రోజూ మామకు ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగేదాన్ని. "నీకు ఫికర్ లేని దినం ఉంటే ఆ దినం గూడ ఫోన్ చెయ్యి బిడ్డా, నీకేమైందోనని నేను ఫికర్ చేస్త" అని నవ్వేవాడు.

నా పని చెవులతో. చూపులేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసే ఒక సంస్థకు, ఆ రికార్డింగులు విని తప్పులు పట్టిస్తాను. ఊపిరి చప్పుడు, కాగితం చప్పుడు, మింగేసిన అక్షరం, అన్నీ దొరకాలి. అందుకే హైదరాబాదులో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మామూలు స్పీకర్లలా వీటిలో గుండ్రటి కోన్ ఉండదు. మనిషెత్తు చట్రంలో రెండు చిల్లుల రేకులు, వాటి మధ్య ఉల్లిపొర కన్నా సన్నటి ఒక పొర. ఆ పొరకు వేల వోల్టుల కరెంటు ఎక్కించి ఉంచుతారు. అది వణికితే సౌండు. వేల వోల్టులని విన్న రోజు నుంచీ వాటి దగ్గర ఊడ్వడానికి కూడా నాకు చేతులు రాలేదు.

రెండు నెలలు బాగానే పాడాయి. ఒక సోమవారం పొద్దున ఎడమ పెట్టె నుంచి సౌండు తగ్గింది. దుప్పటి కప్పి మాట్లాడుతున్నట్టు. పైగా సన్నగా గుయ్‌మని మోత. వెంటనే మామకు ఫోన్ చేశాను.

"రెండు పెట్టెలు జాగలు మార్చి చూసినవా?" అన్నాడు.

మామ పద్ధతే అది. ఏ మిషన్ చెడినా విప్పే ముందు జాగ మార్చి చూసేవాడు. ఈ మోటారును ఆ స్టార్టరుకు, ఆ స్టార్టరును ఈ మోటారుకు. "రోగం దేని వెంబడి పోతదో అదే రోగి. గది తెల్వకుండ స్క్రూ ముట్టొద్దు" అనేవాడు.

నేను మార్చలేదు. ఒక్కో పెట్టె నా ఒక్కదానితో కదిలేది కాదు, కదిపితే షాక్ కొడుతుందని భయం. ఆ మాట అంటే, ఇంత పిరికిదానివా అని నవ్వుతాడు. అందుకని "మార్చిన మామ" అన్నాను.

"మారిస్తే?"

"దాని వెంబడే పోయింది. ఎడమ పెట్టెదే లోపం."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! వక్కపలుకు నోట్లో వేసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

మర్నాడే ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. డ్రైవరూ ఆయనా ఎడమ పెట్టెను చెరోవైపు ఎత్తి, గోనెసంచి మీద పడుకోబెట్టి తాండూరు పట్టుకుపోయారు. అలాంటి వస్తువును ఆయన జన్మలో చూడలేదు. "జల్లెడ లెక్కున్నది, గిది పాడుతదా!" అన్నాడు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు మిగిలి ఉంటుందని ఒక పూటంతా ముట్టకుండా ఉంచాడు. తర్వాత విప్పి ఫోన్ చేశాడు. "మస్తు దుమ్ము పట్టింది బిడ్డా. కరెంటు ఎక్కిన పొర గదా, దుమ్మును గుంజుకుంటది. మెల్లగ తీస్తున్న." మళ్ళీ ఫోన్. "వోల్టేజి ఇచ్చే బోర్డు జర నీరసంగ కొడుతున్నది. సామాన్లు హైదరాబాద్ నుంచి రావాలె." యూనిట్ల మోటార్ల మధ్య తీరిక చేసుకుని, పొర చిరగకుండా, బిడ్డకు స్నానం పోసినట్టు ఆ పెట్టెను బాగు చేశాడు. మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాలూ నేను ఒక్క కుడి పెట్టెతో పని నడిపాను. గుయ్‌మనే మోత మాత్రం ఆగలేదు. పెట్టె తాండూరులో ఉంటే మోత నా ఇంట్లో ఎందుకుందని అనుమానం రావాలి కదా? వచ్చింది. ఫ్రిజ్ అనుకున్నాను. ఫ్రిజ్ కట్టేసి చూసే ధైర్యం చేయలేదు.

పెట్టె తిరిగొచ్చింది. మామ తీగలు కలిపి పాఠం పెట్టాడు. "ఎట్లున్నది?"

"అట్లనే ఉంది మామ. ఎడమ దిక్కు తక్కువ."

ఆయన మొహం వాడిపోయింది. లేచి, "పట్టు" అన్నాడు. ఇద్దరం కలిసి పెట్టెలు గుంజి జాగలు మార్చాం. అప్పుడూ ఎడమ దిక్కే తక్కువ. మామ వంగి నేల వంక చూశాడు. తర్వాత మెల్లగా, "కుర్చీ గోడ దిక్కు తిప్పుకో బిడ్డా" అన్నాడు. వాటికి వీపు పెట్టి కూర్చున్నాను. "ఇప్పుడు ఎటు తక్కువ?"

ఎడమ చెయ్యి ఎత్తాను. ఎత్తగానే నాకు అర్థమైంది, సౌండు తగ్గిందీ మోత పుట్టిందీ నా ఎడమ చెవిలోనే.

కళ్ళు మూసుకొమ్మన్నాడు. కుడి చెవి దగ్గర వేళ్ళు రుద్దాడు, ఇసుక రాలినట్టు వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు. "మామా, రుద్దుతున్నవా?" అని అడిగాను. ఆయన అప్పటికే ఎడమ చెవి దగ్గర రుద్దుతున్నాడు.

మామ నా ముందుకు వచ్చి అడిగాడు. "మొదటి దినం మారిస్తే దాని వెంబడే పోయిందంటివి గదా?"

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. చెప్పలేదు. "అప్పుడు పోయింది మామ" అన్నాను.

"సరే బిడ్డా. లే, చెప్పులేసుకో" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రైలెక్కించి హైదరాబాద్ తీసుకుపోయాడు. చెవి నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. మొదటి రోజుల్లోనే వచ్చి మందులు వాడితే చాలామందికి కొంతైనా తిరిగొస్తుందట. "ఇన్ని రోజులు ఏం చేశారమ్మా?" అన్నాడు. మామే అందుకున్నాడు. "నేనే ఆలస్యం చేసిన సారూ. ఆ పెట్టె పట్టుకుని కూసున్న."

అదే మాట మా అమ్మకూ చెప్పాడు. అమ్మ కోపం మీకు తెలియదు. "మూడు వారాలు నీ రిపేరు జేసుకుంట నా బిడ్డ చెవి తింటివి గదా అన్నా!" అని వాకిట్లో నిలబడి అరిచింది. మామ తల వంచుకుని విన్నాడు. అంతే, మాటలు బందయ్యాయి. రెండు రాఖీ పండుగలకు అమ్మ తాండూరు వెళ్ళలేదు. మామ పొద్దున్నే కొత్త అంగీ తొడుక్కుని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాడని అత్త చెబితే, ఆ రోజు నాకు అన్నం దిగలేదు. అయినా నోరు విప్పలేదు. అమ్మ ఆ అరుపు నా మీదికి తిప్పుతుందన్న భయం ఒకటి. అన్నాచెల్లెళ్ళను విడదీసింది నేనని తెలిస్తే మొహం ఎలా చూపించాలన్నది రెండోది.

చెప్పాలని మూడుసార్లు తాండూరు వెళ్ళాను. అప్పటికి మామకు కొత్త అలవాటు పట్టింది. ఎవరేం తెచ్చినా ముందు వాళ్ళను కూర్చోబెట్టి చెవుల దగ్గర వేళ్ళు రుద్దేవాడు. "మోటారు ఖరాబైతే నా చెవులెందుకు కాకా?" అని పాలిష్ యూనిట్ల వాళ్ళు నవ్వేవారు. "దినమంతా కోత మిషన్ కాడ ఉంటవ్. ముందు చెవి, తర్వాత మిషన్" అనేవాడు. ఇద్దరు ముగ్గురిని తనే వెంటపెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు కూడా. నేను వెళితే మాత్రం స్టూలు జరుపుకుని వచ్చి నా కుడి పక్కన కూర్చునేవాడు.

మాట గొంతు దాకా వచ్చేది. అంతలో గిరాకీ ఎవరో వచ్చేవాడు. నాకు హమ్మయ్య అనిపించేది. ఆ హమ్మయ్య తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"ఏమో చెప్పొస్తున్నవ్?" అనేవాడు మామ.

"ఏం లేదు మామ."

"ఫికరేనా?"

"ఫికరే."

"పెట్టిపో ఇక్కడ. నేను చూస్కుంట" అని చాయ్ చెప్పేవాడు.

పదో రోజున అందరం తాండూరులో ఉన్నాం. అమ్మ కూడా వచ్చింది. మామ పోయిన రోజు నుంచీ ఆమె ఏడవలేదు, బిగుసుకుపోయి ఉంది. వాకిట్లో బండల మీద కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని వంటకు బియ్యం ఏరుతోంది. నేను గోడ వారగా కూర్చున్నాను. అత్త వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. గుర్తొచ్చి లేచి, కుడి పక్కకు వచ్చింది. చెవిలో గుసగుసగా మొదలుపెట్టింది.

"నీకొక మాట చెప్పాలె బిడ్డా. నువ్వు మొదటి దినం పెట్టెలు జరపలేదని మీ మామకు ఎరుకే. మీరిద్దరు కలిసి గుంజిన దినం మీ ఇంట్ల కొత్త బండల మీద తెల్లగ గీతలు పడ్డయట. అంతకుముందు ఒక్క గీత గూడ లేదట. బండల ఊరోడు గదా, ఇంట్లకు పోతే నేలనే జూస్తడు. రాత్రి ఇంటికొచ్చి నాకు చెప్పిండు. మరి తప్పు నీ మీదెందుకు ఏస్కున్నవయ్యా అంటే, 'అది పిరికిది. తన చేతులతోనే చెవి పోయిందని తెలిస్తే పిచ్చిదైతది. నా మీద ఉండనీ' అన్నడు. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

అత్త చెప్పిన ప్రతి అక్షరం నాకు వినబడింది. ఆయనకు తెలుసు. ఆ స్టూలు మీద కూర్చుని నేను గుటకలు మింగిన మూడుసార్లూ తెలుసు. అమ్మ వంక చూశాను. రాయి ఏరి, పక్కకు విసిరి, మళ్ళీ వంగింది. లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు అప్పుడు కూడా రాలేదు.

"ఏంది అత్తా? వినవడలే" అన్నాను.

నేను ఆ మాటంటే మా వాళ్ళంతా గొంతు పెంచి చెబుతారు. అత్త నా మొహంలోకి చూసింది, అమ్మ దిక్కు చూసింది. "గట్టిగ చెప్పమంటవా?" అంది.

"గట్టిగ చెప్పు అత్తా."

అత్త కొంగుతో మూతి తుడుచుకుని, ఊళ్ళో పిలుపు పిలిచినంత గొంతుతో మొదటి నుంచీ చెప్పింది. నా అబద్ధం, గీతలు, ఆయన వేయించుకున్న ఒట్టు, ఏదీ వదల్లేదు. పొయ్యి దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. అమ్మ చెయ్యి బియ్యంలోనే ఉండిపోయింది.

మా అమ్మ చెవులకు ఏ లోపమూ లేదు. అయినా తల ఎత్తకుండా, "మల్లొక్కపారి చెప్పు వదినా" అంది. ఒళ్ళో చాట ఒక పక్కకు వాలి, బియ్యం బండల మీదికి సన్నగా జారుతున్నాయి.