ఉడుత వెంట్రుక కుంచెలు, గిలాసెడు గ్యాస్‌నూనె

1961 మార్చిలో నన్ను నిర్మల్–ఆదిలాబాద్ రోడ్డు మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఓవర్‌సీరు కింద, మేస్త్రీల మీద ఉండే ఉద్యోగమది. అప్పుడు మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తున్నాయి. పాత మైలురాళ్ళు తీయించి కొత్తవి పాతించడం, రంగులు వేయించడం, అంకెలు రాయించడం నా పని. నాకు ఇరవై మూడేళ్ళు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. శాఖ మాన్యువల్ సగం కంఠతా వచ్చు. ఆ సగమే కొంప ముంచింది.

నేరడిగొండ దాటాక రోడ్డు కింద వాననీళ్ళు పారే ఒక మోరీ పక్కన మా గుడారం. ఆ రెండు నెలలూ నిద్రలో నడిచినట్టే గుర్తున్నాయి నాకు. తెల్లవారి లేచేసరికి ఇప్పపూలు నేలంతా పరుచుకుని ఉండేవి. వాటి తియ్యటి వాసన, రంగు డబ్బాల్లోని అవిసెనూనె వాసన కలిసిపోయి గుడారంలోకి వచ్చేవి. మధ్యాహ్నం ఆకు రాల్చిన టేకుచెట్ల నడుమ రోడ్డు వణుకుతూ కనిపించేది. కొత్తగా తెల్లరంగు పూసిన రాళ్ళు నేలను వదిలి జానెడు పైకి లేచినట్టుండేవి. ఎడ్లబండి వస్తుంటే అది కంటికి కనబడే ముందు చాలాసేపు గంటలు మాత్రమే వినబడేవి. ఒక్కోసారి బండి రానే వచ్చేది కాదు, గంటలు అలాగే అడవిలోకి వెళ్ళిపోయేవి.

అంకెలు రాసేది లింబాద్రి. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసే నకాషీల ఇంటివాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఎనిమిదేళ్ళుగా మస్టరు రోలు మీద దినకూలీ. ఏప్రిల్ చివర ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు తనిఖీకి వస్తారనీ, రాత చూసి డివిజన్ మొత్తంలో ఒక్క పెయింటరును పర్మినెంటుకు సిఫారసు చేస్తారనీ కబురొచ్చింది. వయసు నిబంధన ప్రకారం లింబాద్రికి అదే ఆఖరి అవకాశం. ఆ సంగతి నాకూ తెలుసు.

అతని దగ్గర ఆరు సన్నకుంచెలుండేవి. ఉడుత తోక వెంట్రుకలతో వాళ్ళ బాపు కట్టినవి. నకాషీ కుంచె ఇంకొకరి చేతికివ్వడు, అది వాళ్ళ కట్టుబాటు. సాయంత్రం పని ఆగగానే వాటి స్నానం మొదలయ్యేది. ముందు గోనెపట్టా మీద రంగు పిండేవాడు. తర్వాత గ్యాస్‌నూనె. కిరోసిన్‌ను మా వైపు అలాగే అంటాం. ఒక డబ్బాలో ముంచి జాడించి, రెండో డబ్బాలో మళ్ళీ జాడించేవాడు. మొదటి డబ్బాను కదపకుండా రెండు రోజులుంచితే రంగు అడుగుకు దిగుతుంది. పైన తేరిన నూనెను మెల్లగా వంచుకుని మళ్ళీ వాడేవాడు. అలా గిలాసెడు నూనెతో వారం వెళ్ళదీసేవాడు. ఆఖరున జిడ్డు పోయేదాకా కుంకుడు రసంతో కడిగి, మొనలు వేళ్ళతో తీర్చి నీడన ఆరబెట్టేవాడు. జిడ్డు మిగిలితే మరునాటి రంగు ఎంతకీ ఆరదు. టర్పెంటైన్ ఉంటే ఇంత తతంగం ఉండదు గానీ, మాకు నెలకొచ్చే సీసా రంగులో కలపడానికే చాలేది కాదు.

ఏప్రిల్ మూడో వారంలో స్టాకు రిజిస్టరు తిరగేస్తుంటే కిరోసిన్ 'దీపముల నిమిత్తము' అని కనబడింది. అంతే, కుంచెలకు వాడొద్దన్నాను.

“గిలాసెడు గ్యాస్‌నూనె సారూ. రంగు ఎండితె కుంచె కట్టె అయితది. జర సోంచాయించుండ్రి,” అన్నాడు లింబాద్రి.

రూలంటే రూలన్నాను. అతను మళ్ళీ అడగలేదు. పాత నూనెనే తేర్చి తేర్చి వాడాడు. నాలుగో రోజుకు అది జావలా అయింది. కుంచెల మొదళ్ళలో రంగు బిగుసుకుంది. అదే సమయానికి వాళ్ళ అవ్వకు జ్వరమని కబురొచ్చింది. దవాఖాన తిరుగుళ్ళలో ఎక్కడ పోతాయోనని కుంచెలు గుడ్డలో చుట్టి, నా చేతికివ్వకుండా తనే నా పెట్టెలో పెట్టాడు. “ఒచ్చినంక మా ఇంటి నూనెతోని నానేస్త. పదిలం సారూ,” అని నిర్మల్ వెళ్ళాడు.

నాకు లోపల గిల్టీగానే ఉంది. అతను వచ్చేలోపు బాగుచేసి పెడదామనుకున్నాను. గట్టిపడిన కుంచెలను వేడి సోడా నీళ్ళలో నానబెట్టాలని మాన్యువల్‌లో చదివాను. ఊళ్ళో చాకలి దగ్గర సోడా తెప్పించి, నీళ్ళు కాచి, ఆరింటినీ ముంచాను. రంగు విడిపోతుంటే ముచ్చటేసింది. ఎండ ఆ నీళ్ళ మీద పడి, నల్లరంగు పొగలా మెలికలు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి సన్నటి వెంట్రుకలు పైకి తేలాయి. అవేమిటో నాకు చాలాసేపు అర్థం కాలేదు. చేతిలోకి తీసుకుంటే ఆరూ ఉత్త పుల్లలు.

లింబాద్రి మరునాడు వచ్చాడు. పుల్లలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

“సోడా పందివెంట్రుక కుంచెకు సారూ. బ్రిడ్జిలకు పూసే దానికి. ఉడుత వెంట్రుక దానికి ఆగదు,” అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది నాకు.

తనిఖీకి నాలుగు రోజులే ఉంది. పదకొండు రాళ్ళు మిగిలాయి. కొత్త కుంచె కట్టడానికి ఉడుత వెంట్రుకలు ఎక్కడివి? ఇంకో నకాషీని అడిగినా తన కుంచె ఇవ్వడు. ఈతమట్ట చీల్చి, కొస నలగ్గొట్టి, దాంతోనే రాశాడు. అంకెలు లావుగా వచ్చాయి, అంచులు చెదిరాయి. ఒంపు తిరిగే చోటల్లా రంగు కారింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు జీపు దిగి వరుసగా చూస్తూ నడిచారు. మొదటి రాళ్ళ దగ్గర “వాహ్వా” అన్నారు. ఈతమట్టతో రాసిన వాటి దగ్గరికి వచ్చేసరికి ఆగి నవ్వారు. “ఏమయ్యా, ఈడికొచ్చేసరికి ఇప్పసారా ఎక్కువైందా?” అన్నారు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. లింబాద్రి మెడలో తులసిమాల ఉంది, కల్లు కూడా ముట్టని మనిషి. అతను నా వైపు చూశాడు. నేను చేతిలోని టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. నోరు పెగల్లేదు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ప్రొబేషన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

“తప్పయింది సాబ్,” అన్నాడు లింబాద్రి.

సాయంత్రం అడిగాను, ఎందుకు అలా ఒప్పుకున్నావని. “మీరు చెప్తరేమోనని సూసిన. చెప్పలే. ఇగ నేనేం చెప్పాలె?” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

సిఫారసు ఇంకో సెక్షన్ పెయింటరుకు వెళ్ళింది. ఆగస్టులో నా ఉద్యోగం ఖాయమైంది. అప్పుడు జరిగిందంతా రాసి ఇంజనీరు గారికి పంపాను. 'చూడబడినది' అని ఒక్క ముక్క రాసి ఫైలు చేశారు. ఆ కాగితం నకలు పట్టుకుని నిర్మల్ వెళ్ళాను. లింబాద్రి మస్టరు మానేసి ఇంట్లో బొమ్మలకు రంగులు వేస్తున్నాడు. చదివి వినిపించాను. చేతిలోని చిలుకకు ముక్కు దిద్దడం అయ్యేదాకా తలెత్తలేదు.

“గా దినం చెప్తె నాకు పనికొస్తుండె. గిప్పుడు చెప్తె మీకు పనికొచ్చింది. మంచిదే సారూ,” అన్నాడు.

ముప్పైమూడేళ్ళ సర్వీసులో నా కింద పనిచేసిన వాళ్ళ తరఫున చాలాసార్లు పై అధికారుల ముందు మాట్లాడాను. లింబాద్రి తరఫున మాత్రం మాట్లాడలేదు.