అంకమధ్యమం అంటే మీడియన్ అని చెప్పాను

పదమూడేళ్లుగా ఒక అబద్ధం నా గొంతుకు అడ్డం పడి ఉంది. పెద్ద అబద్ధమేమీ కాదు, రెండు మాటలు తారుమారు చేశానంతే. ఇంతకాలం ఇలాగే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, అంతే అని. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నంద్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంగ్లీషు మీడియం. నేను ఆ ఊరి కాన్వెంటులోనే చదివినదాన్ని. క్లాసులో నేనే ఫస్టు, ఆ సంగతి రోజుకోసారైనా ఎవరికో ఒకరికి గుర్తుచేసేదాన్ని. కాలేజీ తెరిచిన నెలన్నరకి సలోమి వచ్చి చేరింది. ఆళ్లగడ్డ దగ్గర పల్లె, ఇంటరు దాకా తెలుగు మీడియం. వాళ్ల నాయన కూలి పనికి పోతాడు. చేర్చిన రోజే గట్టిగా చెప్పాడట, ఒక్క సబ్జెక్టు పోయినా ఇంటికి తీసుకుపోతానని. ఈ సంగతి సలోమే నాకు చెప్పింది. అంటే నాకు ముందే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

వచ్చిన వారానికే, బోర్డు మీద నేను చేసిన లెక్కలో తప్పుందని చెయ్యెత్తింది. తప్పే. అయ్యవారు నవ్వి, నిన్న వచ్చిన ఆళ్లగడ్డ అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకో అన్నాడు నాతో. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆమెకు మాత్రం నన్ను అవమానించానన్న ఊహే లేదు. మధ్యాహ్నం వచ్చి నా పక్కనే కూర్చుని అన్నం డబ్బా తెరిచింది.

సలోమికి స్టాటిస్టిక్స్ అంతా వచ్చు, తెలుగులో. సగటుల పాఠం ఆమె రాకముందే అయిపోయింది, పుస్తకం ఇంకా దొరకలేదు. ఇంగ్లీషులో ఏదాన్ని ఏమంటారో చెప్పమని నన్ను అడిగింది. నేను చెబుతుంటే తనే రాసుకుంది. సంఖ్యలన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో అంతతో భాగిస్తే వచ్చే సగటు అంకమధ్యమం. దాన్ని మీన్ అనాలి. వరసలో పేరిస్తే సరిగ్గా నడుమ ఉండే సంఖ్య మధ్యగతం. దాన్ని మీడియన్ అనాలి. నేను తిప్పి చెప్పాను. మధ్యమం, మీడియన్, వినడానికి ఒకేలా లేవూ, గుర్తుండిపోతుంది చూడు, అని కూడా అన్నాను. ఎంత తెలివి నాది! ఆమె సంతోషంగా తల ఊపి రాసుకుంది.

ఒక్క హోంవర్కులో నవ్వులపాలైతే చాలనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఇప్పుడు చెప్పలేను. ఎందుకంటే అయ్యవారు ఆ హోంవర్కు పుస్తకాలు తాను దిద్దలేదు. జవాబుల కాగితం, ఎర్ర పెన్ను నా చేతికిచ్చి దిద్దమన్నాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ముప్పై రెండు. మీన్ పది, మీడియన్ ఐదు. సలోమి పుస్తకంలో మీన్ ఐదు, మీడియన్ పది. లెక్క చక్కగా ఉంది, పేర్లే మారాయి. ఇంటు పెడితే ఆ రోజే బయటపడేది, దిద్దుకునేది. నేను టిక్కు పెట్టాను.

తర్వాత స్టాండర్డ్ డీవియేషన్ వచ్చింది. ప్రతి సంఖ్యలోంచీ మీన్ తీసెయ్యాలి. ఆమె ప్రతిదాంట్లోంచీ నడిమి సంఖ్యను తీసేసి, వర్గాలు కట్టి, రెండు పేజీలు ముత్యాల్లాంటి అంకెలతో నింపింది. అంతా తప్పు. అన్నిటికీ టిక్కులు పెట్టి, కింద గుడ్ అని కూడా రాశాను. అలా రాస్తున్నప్పుడు నాకు బాధ కలగలేదు, సంతోషమేసింది. ఆ సంతోషానికి ఇంకో పేరు పెట్టలేను.

పరీక్షలో సలోమి ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. జవాబు కాగితంలో ఏం తప్పిందో అయ్యవారు ఆమెకు చూపించాడు. వాళ్ల నాయన వచ్చిన రోజు, వరండాలో పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మే, మీడియన్ అంటే అంకమధ్యమం అని నువ్వే కదా చెప్పింటివి?"

"నేనట్ల యాడ చెప్పినా? నువ్వే తారుమారుగా రాసుకున్యావ్. చూడు, ఎవరి రాత ఇది?"

"నా రాతే."

"మరి?"

ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి మళ్లీ చదువుకుంది. "నాకే సరిగ్గా ఇనపల్లేదేమో మే. ఇంగ్లీషు కదా" అంది. టిక్కుల మాట ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో నేను సిద్ధంగానే ఉన్నాను.

వాళ్ల నాయన టవలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అమ్మా, మా పాప పుస్తకాలు దిద్దేది నువ్వేనంట కదా. మళ్లా రాస్తే పాసవుతాదా? అవుతాదంటే ఈడనే ఉంచి పోతా."

ఒక్క మాట చాలు. అవుతాది అంటే చాలు.

"కష్టమే చిన్నాయనా" అన్నాను.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో ఆమెను తీసుకుపోయాడు. ఆ ఏడూ నేనే ఫస్టు. ఇప్పుడు నేనూ అదే పాఠం చెబుతున్నాను. మీన్, మీడియన్ వచ్చిన రోజు పిల్లలకు రెండు పేర్లూ తెలుగులో కూడా బోర్డు మీద రాస్తాను. శ్రద్ధ గల మేడం అంటారు.

పోయిన నెల అహోబిలం పోతూ ఆళ్లగడ్డలో జీపు ఆపితే, సలోమి కనబడింది. విత్తనాల పత్తి చేలల్లో ఒక పూవు పుప్పొడి ఇంకో పూవుకు అద్దే క్రాసింగ్ పని చేస్తుందట, పూలు ఒలిచి ఒలిచి గోళ్లు నల్లబడ్డాయి. నన్ను చూసి పరుగున వచ్చింది. పక్కన ఐదో తరగతి కూతురు. ఈమె మా క్లాసు ఫస్టు, నాకు ఎంతో చెప్పేది, నాకే లెక్కలు తలకెక్కలేదు, అని ఆ పిల్లకు నన్ను చూపించింది. ఆ పిల్లకు లెక్కల్లో మంచి మార్కులొస్తున్నాయట. లెక్కల పరీక్ష రాసి పెద్ద బడికి పోతానంటోందట. వద్దన్నానని చెప్పింది సలోమి, నా బుర్రే కదా వచ్చింటాది, రేపు నా మాదిరే బోర్లా పడుతాది అని. ఔనా కాదా చెప్పమ్మే అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

నేను నవ్వాను. పిల్ల చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి జీపెక్కాను.

సలోమికి లెక్కలు వచ్చు. మా క్లాసులో అందరికంటే బాగా వచ్చు. ఈ మాట ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను. చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. ఆ ఊపిరి కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.