శబ్దం లేని టీవీ ముందు మా అత్త

అత్త పోయిందని ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "షేర్లు చేతికొచ్చినాయి గదా, ఇంగ ఏడుపెందుకొస్తాది?" అన్నాడు చిన్నాన్న, నాకు వినబడేటట్టే. కర్నూల్లో బీకాం చదివే రోజుల నుంచి ప్రతి సెలవుకూ నేను మేనత్త ఇంటికి పోయింది ఆస్తి కోసమేనని మావాళ్ల నమ్మకం. ఆలోచించడం ఆమె దగ్గరే నేర్చుకున్నానంటే నవ్వుతారు.

అత్త వ్యాపార వార్తల ఛానెల్‌ను శబ్దం ఆపేసి చూసేది, వేయించిన శనక్కాయలు వొలుచుకుంటూ. "వాళ్లు అరిస్తే మనకు తొందర పుడతాది పాపా. కింద పోయే అంకెలు సూడు, సాలు."

నిరుడు ఆమె తన దగ్గరున్న ఒక సిమెంటు కంపెనీ షేర్లు నా పేరుకు మార్చింది. ఈ వేసవిలో ఆ కంపెనీ బైబ్యాక్ ప్రకటించింది. అంటే తన షేర్లను తానే, బజారు ధరకంటే కాస్త ఎక్కువిచ్చి కొని, రద్దు చేస్తుంది. నాన్న హడలిపోయాడు. చీటీల కంపెనీలు తాళాలేసుకుని పారిపోవడం చూసినవాడు మరి.

"మూసేస్తాండారక్కా! ఇచ్చింది తీసుకొని బయటపడదాం."

"పారిపోయేటోడు పిలిచి దుడ్లిస్తాడేంరా?" అని అత్త పకపకా నవ్వింది. తర్వాత నావైపు తిరిగింది.

"మీ మామ పత్తి మిల్లులో నలుగురు పాలుదార్లు. ఒకాయన తప్పుకుంటే మిల్లు దుడ్లతోనే ఆయన వంతు కొనేస్తిమి. మిల్లు పెరిగెనా? లేదు. మిగిలిన ముగ్గురి వంతు పెరిగె. ఇదీ అంతే. ఆయనకు శానా ఎక్కువిచ్చింటే మాత్రం మేం మునిగేటోళ్లం. అందుకే ధర సూడాల. మిగులుతో కొంటాండారా, అప్పు చేసి కొంటాండారా, అదీ సూడాల."

చూశాను. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కంపెనీ లెక్కలన్నీ చదివాను. అప్పు లేదు, చేతిలో నిల్వ ఉంది. కంపెనీ సంపాదనతో పోలిస్తే ఇస్తామన్న ధర తక్కువే, అమ్మకుండా ఉండేవాళ్లకే లాభం అనిపించింది. "నా లెక్క తప్పయితే అత్తా?" అన్నాను.

"అయితే నీ తప్పు నువ్వే మోస్తావు. ఊరోళ్ల తప్పు మోసేదానికంటే మేలే."

ఆదోనిలో అత్త కర్మాంతరం నాడు, భోజనాలయ్యాక, నాన్న బైబ్యాక్ ఫారం నా ముందు పెట్టాడు. "రేపటితో గడువు సరి. సంతకం పెట్టు, కర్నూల్లో ప్లాటు కొందాం."

"ఆడపిల్లకు ఇంత మొండితనం యాడిదప్పా?" అన్నాడు చిన్నాన్న. అందరూ ఒకేసారి అందుకున్నారు. ఎవరో పెట్టిన టీవీలో అత్త చూసే ఛానెల్ కూడా వాళ్లతో పోటీగా అరుస్తోంది.

రిమోట్ తీసుకుని శబ్దం ఆపేశాను. అత్త కుర్చీలో కూర్చున్నాను. తెర కింద అంకెలు చప్పుడు చేయకుండా పోతున్నాయి.

ఆ షేర్లు నేను అమ్మను.