పూలగిన్నెలు కాబోయిన రికార్డులు

విశాఖపట్నంలో అందరూ క్యాసెట్లు కొంటున్న రోజుల్లో, ఓడరేవు క్వార్టర్లలోని మా ఇంట్లో పెద్ద టేపు చుట్టలతో నడిచే, సూట్‌కేసంత స్పూల్ టేప్‌రికార్డరు ఉండేది. "క్యాసెట్లో పాట పట్టించడమంటే అగ్గిపెట్టెలో ఏనుగును కుక్కడమే" అనేవారు నాన్న. ఎవరూ కొనని రికార్డులంటే ఆయనకు ప్రాణం. వాటిని కంపెనీవాళ్లే స్పూళ్ల మీద మళ్లీ విడుదల చేయాలని ఆయన చెబుతుంటే నేను ఉత్తరాలు రాసేదాన్ని. ఒక్కదానికీ జవాబు రాలేదు. మళ్లీ రావలసిన రికార్డుల జాబితా మాత్రం నా డైరీలో పెరుగుతూ పోయింది. నాకు మనుషులతో మాట్లాడడం కన్నా జాబితాలు రాయడం తేలిక.

ఒక వేసవిలో పక్క క్వార్టర్ పిన్నిగారు మహిళా మండలిలో చేతిపనులు నేర్పడం మొదలుపెట్టారు. పాత రికార్డును మరిగే నీళ్లలో ముంచి, మెత్తబడగానే గిన్నె మీద బోర్లించి అంచులు వంచితే పూలగిన్నె అవుతుంది. మూతపడిన ఒక కొట్టు నుంచి ఆవిడకు అమ్ముడుపోని రికార్డులు పది దొరికాయి. అన్నిటికన్నా పైన ఒక వీణ రికార్డు ఉంది. నా జాబితాలో మొదటిది అదే.

"ఇది నాకిస్తారా" అని అడగడానికి నోరు రాలేదు. "ఒకసారి విని తెచ్చిస్తాను" అన్నాను.

"సాయంత్రానికల్లా తెచ్చీయమ్మా. రేపు క్లాసుంది."

మధ్యాహ్నం నాన్న డ్యూటీ నుంచి రాగానే పని మొదలుపెట్టాం. మా దగ్గర సరైన వైరు లేదు కాబట్టి రికార్డు ప్లేయరు ముందు మైకు పెట్టి పట్టించడమే. ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. అమ్మ కుక్కరు దించేసింది. ఫ్యాను ఆపేసి ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మొదటి వైపు బాగానే వచ్చింది. రెండో వైపు రాగం మెల్లగా విచ్చుకుంటుండగా గుమ్మంలో కేక.

"సేపలమ్మా, సేపలు!"

నాన్న నాకు సైగ చేశారు. వెళ్లి, పెదవుల మీద వేలు పెట్టి, చేపలామెకు దండం పెట్టాను.

"ఏటయ్యిందమ్మా? ఎవులైనా పోనారేటి?"

తల అడ్డంగా ఊపాను.

"మరేటి? పసిగుంట గాని నిదరోతందేటి?"

గండం గడిచిందనుకుని అవునన్నట్టు తలూపాను.

"ఓలమ్మో! ఎవులికి పుట్టిందే?" అని వీధంతా వినబడేలా అడిగింది.

ఆ వీణ వెనక ఆ ప్రశ్న శాశ్వతంగా ఉండిపోయింది.

సాయంత్రం డైరీలో ఒక వాక్యం రాసి బట్టీ పట్టాను: పిన్నిగారూ, దీన్ని నాకు ఇచ్చేస్తారా? వెళ్లేసరికి ఆవిడ మర్నాటి క్లాసుకు నమూనా చేద్దామని నీళ్లు మరిగిస్తున్నారు.

"పిన్నిగారూ..." అన్నాను.

"తెచ్చావా, ఇలాగియ్యి" అంటూ అందుకుని ముంచేశారు. నా కళ్లముందే వీణ వాలిపోయింది. ఏడుపు ఆగలేదు.

"ఏటే, ఏడుస్తన్నావ్? నీకు కావాలేటి? అడగొచ్చు గదే! నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి?"

మిగిలిన తొమ్మిదింటి వైపు చూశాను. హరికథలు, నాదస్వరం, జముకుల కథ. ఎవరికీ అక్కర్లేనివి. "అవన్నీ నాకు కావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అన్నీయా! మరి రేపు క్లాసులో నా మొకం వంచమంటావేటి?"

"వేరేవి తెచ్చిస్తాను."

పరుగున ఇంటికి వెళ్లి అమ్మ సినిమా పాటల రికార్డుల్లోంచి తొమ్మిది తీశాను. ఆ పాటలు రేడియోలో రోజూ వస్తాయి, హోటళ్లలో మోగుతాయి. వాటిని కాపాడే పని ఎవరికీ లేదనుకున్నాను. మార్చుకుని తెచ్చిన కట్టను చూసి నాన్న ముఖం వెలిగింది. సంగతంతా విన్నాక మెల్లగా తలుపు మూశారు.

"మీ అమ్మకు ఎవరు చెబుతారు?"

నేను అడగడం నేర్చుకుని గంట కూడా కాలేదు. చెప్పడం అప్పుడే ఎలా వస్తుంది?

పది రోజులకు పిన్నిగారు అమ్మకు ఒక పూలగిన్నె తెచ్చిచ్చారు. అమ్మ మురిసిపోయి అందులో కనకాంబరాలు పోసింది.

"చూశారా, ఎవరూ వినని పాత రికార్డులు ఎంత చక్కగా పనికొచ్చాయో! మీ తండ్రీకూతుళ్లకు ఇలాంటి ఆలోచన ఒక్కటీ రాదు" అంది.

గిన్నె అడుగున పూల సందుల్లోంచి లేబుల్ మీది సినిమా పేరు సగం కనబడుతోంది. నాన్న లేచి, ఇంకో గుప్పెడు కనకాంబరాలు జాగ్రత్తగా దాని మీద పోశారు.