తల దించుకున్న వంగపువ్వు

మూడో తరగతి సైన్సు పుస్తకం నలభై ఒకటో పేజీలో ఒక వంగమొక్క ఉండేది. కింద వేళ్లు, మధ్యలో కాండం, అటూ ఇటూ ఆకులు, పక్కన ఒక కాయ, అన్నిటికంటే పైన కిరీటం పెట్టినట్టు నిటారుగా ఒక పువ్వు. ఎదురు పేజీలో మొక్కకు కావలసినవి: ఎండ, గాలి, మట్టి, పెద్ద చెంబులోంచి ధారగా పడుతున్న నీళ్లు. ఇరవై మూడేళ్లుగా ఆ పేజీలు మారలేదు. వాటిని గీసిన చెయ్యీ మారలేదు. పాఠ్యపుస్తకాల ఆఫీసులో ఆవిణ్ని అందరూ మొక్కలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది.

మొక్కలక్క వేసిన వేరు చూస్తే మట్టి వాసన వస్తుందని ఆఫీసులో చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం ఆవిడ చేతిలో ఒక్క మొక్క బతికి బట్టకట్టింది లేదు. గులాబీ పోయింది. బంతి పోయింది. ఏం చేసినా చావదని పక్కింటావిడ పూచీపడి ఇచ్చిన మనీప్లాంటు పన్నెండు రోజుల్లో పోయింది.

"ఎండ ఇచ్చాను, గాలి ఇచ్చాను, మట్టి ఇచ్చాను, నీళ్లయితే పూటకో చెంబు పోశాను. ఇంకేం కావాలండీ దీనికి?" అని ఆవిడ వాపోయేది.

"నువ్వు కాస్త దాని జోలికి పోకుండా ఉండటం కావాలేమోనోయ్. అది మీ పుస్తకంలో వెయ్యలేదుగా," అనేవాడు వాళ్లాయన. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. హారన్ లేకపోయినా సందు దొరికితే మోగించకుండా ఉండలేడు.

ఆ ఆయనే ఒకసారి, ముగ్గి మెత్తబడ్డ వంకాయను చెత్తబుట్టలో వెయ్యబోయి, బాల్కనీలో మట్టితో ఉన్న పగిలిన బకెట్టులో పిసికి వదిలేశాడు. ఆవిడ చూసుకోలేదు కాబట్టి గింజలు మొలిచాయి. చూసుకునేసరికి మొక్క మూరెడయింది. ఒక ఆదివారం పొద్దున ఊదారంగు పువ్వు కూడా పూసింది. మధ్యలో పసుపు, చుట్టూ ముడతల రేకులు. ఎంత ముచ్చటగా ఉందో! కాకపోతే తల వేలాడేసుకుని నేల చూపులు చూస్తోంది.

మొక్కలక్క పరుగున వచ్చి చూసింది. అయిపోయింది, దీనికీ రోజులు దగ్గరపడ్డాయి. గబగబా చెంబుడు నీళ్లు పోసింది. పువ్వు తలెత్తలేదు. బకెట్టును ఎండలోకి ఈడ్చింది. ఎత్తలేదు. నీడలోకి ఈడ్చింది. ఎత్తలేదు. చెంచాతో మట్టి గుల్ల చేసింది. ఉహుఁ. చివరికి కుట్టుపెట్టెలోంచి దారం తీసి, మట్టిలో చీపురుపుల్ల గుచ్చి, పువ్వు మెడకు మెత్తగా ముడి వేసి, తల పైకెత్తి కట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. అచ్చం నలభై ఒకటో పేజీలా ఉంది. హమ్మయ్య అనుకుంది.

కాఫీ గ్లాసుతో వచ్చిన ఆయన కాసేపు బకెట్టు చుట్టూ తిరిగాడు.

"ఏమిటోయ్, మెడ పట్టేసిందా పాపం? కట్టు కట్టావు?"

"వాడిపోతుంటే నిలబెట్టానండీ."

"వాడటమేమిటి, వంగపువ్వు వేలాడే ఉంటుంది. మా డిపో వెనక తోటలో ముప్పై ఏళ్లు చూశాను. ఒక్కటీ లేచి నిలబడి నాకు సలాము కొట్టలేదు."

"ఎందుకు నిలబడదు? నిలబడుతుంది. నేను వేశానుగా!"

అనేసిన తర్వాత ఆ మాట ఆవిడ చెవిన పడింది. ఆయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన సందు దొరికీ హారన్ కొట్టకపోవడం అదే మొదలు.

మొక్కలక్క కత్తెర తెచ్చి దారం కత్తిరించింది. పువ్వు హాయిగా కిందికి వాలింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

మొదట వేసిన బొమ్మలో పువ్వు కిందికే ఉంది. పిన్నిగారి పెరట్లో పీట వేసుకు కూర్చుని, మొక్కను కళ్లారా చూసి వేసిన బొమ్మ అది. ఆఫీసులో బొమ్మలు తనిఖీ చేసే పెద్దమాస్టారు దాన్ని చూసి, "అమ్మాయ్, ఆకు గీతా పువ్వు గీతా ఒకదాన్నొకటి దాటుతున్నాయి. పిల్లలు తికమకపడతారు. ఆ పువ్వు తల కాస్త పైకి లేపు," అన్నాడు. భాగాల పేర్లు చూపే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదన్నది అక్కడి నియమం. ఉద్యోగంలో చేరి అప్పటికి పదకొండు రోజులు. లేపింది. లేపి, పోనుపోనూ అదే నిజమని తానే నమ్మేసింది.

అక్కడితో అయినా బాగుండేది. తొమ్మిదేళ్ల కిందట ఏదో బడినుంచి ఒక టీచరు ఉత్తరం రాసింది: 'ఇంట్లో వంగమొక్క ఉన్న పిల్లలు పువ్వును కిందికి వేస్తున్నారు. మార్కులు ఇవ్వమంటారా?' దానికి జవాబు రాసింది మరెవరో కాదు, తానే. 'పుస్తకంలోని బొమ్మే ప్రమాణం' అని రాసి, కింద సంతకం కూడా చేసింది.

ఆ సంతకం గుర్తొచ్చాక బాల్కనీలో నిలబడబుద్ధి కాలేదు. కొత్త ముద్రణ ఆ వారంలోనే అచ్చుకు వెళుతోంది. వెళ్లిందంటే మళ్లీ అయిదేళ్లు దాన్ని కదిపేవాడుండడు. అయిదేళ్లపాటు, నిజం మొక్కను చూసి వేసిన పిల్లలందరికీ తప్పు గుర్తు పడుతుంది.

సోమవారం పొద్దున మొక్కలక్క అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లింది. ఇనప బీరువాలోంచి అసలు బొమ్మ తీసింది. అట్టలాంటి కాగితం, మీద పలచటి కాగితం ముసుగు. పాత కాపీ మసకగా ఉందని, దీన్నే కొత్తగా స్కాన్ చెయ్యాలని ఎడిటరు ముందే చెప్పి ఉన్నాడు. ఆవిడ బ్లేడు తీసుకుని నిటారు పువ్వును మెల్లగా గోకేసింది. కొమ్మ పక్కనుంచి తల కిందికి వేలాడే పువ్వును వేసింది. మరి గీతలు దాటుకోవూ? 'ఆకు' అన్న మాటను కుడివైపునుంచి ఎడమవైపుకు మార్చింది. దాటుకోలేదు. మొత్తం అరగంట పని. ఇరవై మూడేళ్లు ఆ అరగంటకు తీరిక దొరకలేదు.

ఎడిటరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడే. కానీ అచ్చుకు మూడు రోజుల ముందు ఏ ఎడిటరైనా ఏడుపు ముఖంతోనే ఉంటాడు.

"అక్కా, ఇదేం పని? కమిటీ ఒప్పుకున్న బొమ్మ కదా అది!"

"కమిటీ ఒప్పుకుంది బాబూ. మొక్కే ఒప్పుకోవడం లేదు."

"ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు..."

"అడిగారు. నోరు మూయించింది నేనే."

"పెద్దమాస్టారు సంతకం లేకుండా ఒక్క ఆకు కూడా మార్చకూడదని మీకు తెలుసుగా!"

"పిలిపించు మరి."

మర్నాడు పెద్దమాస్టారు వచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తాడు. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకొకటి. ఆయన కుర్చీలో కూర్చునేలోగానే గుమ్మంలో డ్రైవరుగారు బకెట్టుతో ప్రత్యక్షమయ్యాడు.

"జరగండి జరగండి, ప్యాసింజరు దిగాలి," అంటూ దాన్ని తీసుకొచ్చి నేరుగా మాస్టారి ముందు, ఫైళ్ల మీద పెట్టేశాడు.

మాస్టారు పై కళ్లజోడు కిందికి దింపాడు. పెన్సిలు కొసతో పువ్వు తల పైకెత్తి, వదిలాడు. వాలింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వాలింది.

"నీళ్లు చాల్లేదేమో అమ్మాయ్." ఆవిడకు యాభై నాలుగేళ్లొచ్చినా ఆయనకింకా అమ్మాయే.

"దానికి నా చేత నీళ్లు చాలకపోవడమా మాస్టారూ? ఆ మాట మా ఇంట్లో అనకండి, నవ్వుతారు."

మూడోసారి ఎత్తి వదిలాక ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "ఇది కొత్త రకంలా ఉంది. 'కొత్త రకం మొక్క ప్రకారం బొమ్మ మార్చడమైనది' అని రాసేద్దాం. బొమ్మా మారుతుంది, ఎవరికీ మాటా రాదు."

ఎడిటరు ముఖం వెలిగిపోయింది. "అద్భుతం మాస్టారూ! అక్కా, సంతకం పెట్టెయ్యండి."

ఇంకొకరైతే పెట్టేవారే. మొక్కలక్క అసలు బొమ్మను రెండు చేతులా తీసి గుండెకు హత్తుకుంది.

"కొత్త రకం కాదు మాస్టారూ. పాత తప్పు. ఆ పిల్లలు వేసింది ఎన్నేళ్ల కిందట? వాళ్ల పెరట్లోకి కొత్త రకం అప్పుడే ఎలా వచ్చింది?" ఒక చేత్తో సంచిలోంచి తన పాత జవాబు నకలు తీసి బల్ల మీద పడేసింది. "ఇదిగో, నేను రాసిందే. టీచర్ల పుస్తకంలో ఒక్క వాక్యం వెయ్యండి. మనం తప్పు వేశామని. కిందికి వేసిన పిల్లలకు మార్కులివ్వమని."

"ఎవరైనా అలా అచ్చు వేసుకుంటారా అక్కా? పరువు పోదూ!" అన్నాడు ఎడిటరు.

"పోనీ. పిల్లల మార్కులు పోతే లేనిది, మన పరువు పోతే ఏం?"

"మేం వెయ్యం అంటే?"

"బొమ్మ ఇవ్వను."

"వేరే ఆర్టిస్టు చేత వేయించుకుంటాం."

"వేయించుకో. అతన్ని కూడా ఈ బకెట్టు ముందే కూర్చోబెట్టు. కావాలంటే దారం నేనిస్తాను."

డ్రైవరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ గట్టిగా దగ్గాడు. అది దగ్గు కాదని ఆవిడకు తెలుసు.

పెద్దమాస్టారు ఆ ఉత్తరం నకలు పూర్తిగా చదివాడు. మడత పెట్టాడు. "ఆ రోజు లేపమన్నది నేనే కదూ?" అన్నాడు.

"మీరే. లేపింది నేను."

ఆయన కాగితం దగ్గరకు లాక్కుని తానే రాశాడు: 'గత ముద్రణల్లో వంగపువ్వును పొరపాటున నిటారుగా చూపడం జరిగింది. పువ్వును కిందికి వేసిన పిల్లలకు పూర్తి మార్కులు ఇవ్వాలి.' రాసి ఆవిడ వైపు తిప్పాడు. మొక్కలక్క 'పొరపాటున' కొట్టేసి 'తప్పుగా' అని రాసింది. 'చూపడం జరిగింది' కొట్టేసి 'గీశాం' అని రాసింది. మాస్టారు ఒకసారి కళ్లజోడు మీదుగా చూశాడు. ఆవిడా చూపు దించలేదు. ఆయన సంతకం పెట్టాడు. కింద ఆవిడ పెట్టింది, తొమ్మిదేళ్ల కిందటి సంతకం కంటే పెద్దదిగా.

ఎడిటరు బొమ్మ అందుకుని బతుకుజీవుడా అని స్కానింగు గదికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి మొక్కలక్క తన బల్ల దగ్గర ఎదురు పేజీలోని 'మొక్కకు కావలసినవి' బొమ్మ ముందేసుకుని, చేతిలో బ్లేడుతో వంగి కూర్చుని ఉంది.

"అక్కా! మళ్లీ ఏం గోకుతున్నారు?"

"నీళ్లు," అంది ఆవిడ, తలెత్తకుండా.