దొంగని పట్టడానికి పెట్టిన గాడిద

మొన్న శుక్రవారం ఆఫీసులో దొంగని పట్టుకున్నానండీ! అందరి ముందూ, సాక్ష్యంతో సహా! ఎవరో తెలిస్తే చేతిలో టీ కింద పెట్టేస్తారు.

నేను ఇంజనీరింగ్ మధ్యలో మానేసానని తెలుసుగా. నందిగామలో ఎవరో ట్రాక్టర్లు అద్దెకి బుక్ చేసుకునే యాప్ చేస్తున్నారంటే చేరా. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సు. నెల రోజులు ట్రయల్.

"ప్రొఫైల్ పేజీ కొత్తగా చెయ్యి. శుక్రవారం డెమో. బాగుంటే ఉంటావ్, లేకపోతే లేదు," అన్నాడు మా సార్. ఇంట్లో నాన్నేమో, "ఇదెన్నాళ్లురా?" అని అప్పుడే మొదలెట్టాడు.

ఆ ఆఫీసులో డిజైన్ సిస్టమ్ అని ఓ ఫైల్ ఉంది. బటన్లు, రంగులు, ఫోటో పెట్టే గుండ్రం, అన్నీ అందులోనే. అందరూ అందులోంచి తీసుకునే వాడాలి. సీనియర్ లావణ్యక్క మొదటిరోజే అంతా చెప్పింది. నేను తలూపా. వినలేదు.

సోమవారం ఆ ఫైల్ తెరిచి ఫోటో చుట్టూ ఆకుపచ్చ గీత పెట్టా. గంటలో చూస్తే అక్క చేస్తున్న డ్రైవర్ల లిస్టులోనూ అదే గీత! నచ్చిందేమోలే అనుకున్నా. మంగళవారం గుండ్రాన్ని పలకగా చేసా. టీ తాగొచ్చేసరికి అక్క పేజీలోనూ పలకలే! ఇంక డౌటేముంది, నా ఐడియాలు కొట్టేస్తోంది!

"ఏంటక్కా, మీ పేజీ అచ్చం నా పేజీలానే ఉందే?" అన్నా, ఏమీ తెలియనట్టు.

"అదే కదరా కావాల్సింది," అంది, తల కూడా ఎత్తకుండా.

ఎంత ధైర్యం!

బుధవారం నుంచి స్క్రీన్ గోడవైపు తిప్పుకుని కూర్చున్నా. అన్నం తినేటప్పుడు కూడా ఓ కన్ను అటే. అయినా అన్నీ కాపీ అయిపోతున్నాయ్!

గురువారం సాయంత్రం వల వేసా. ఎవరైనా ఫోటో పెట్టకపోతే ఖాళీగా కనిపించే చోట పళ్లికిలించే గాడిద బొమ్మ పెట్టా. ఎవరి పేజీలో గాడిద తేలితే వాళ్లే దొంగ. నాది పొద్దున్నే వచ్చి తీసేద్దామని ప్లాన్.

బస్సు లేటు. నేను వెళ్లేసరికి డెమో మొదలైపోయింది. వత్సవాయి నుంచి పది ట్రాక్టర్ల ఓనరు వెంకట్రావు గారు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. గోడ మీద పెద్ద టీవీలో డ్రైవర్ల లిస్టు. వరసగా ఆరు గాడిదలు! సార్ కంగారుగా నా ప్రొఫైల్ పేజీకి మార్చాడు. ఇంకో గాడిద. దాని కింద, వచ్చినాయన సంతోషిస్తారని సార్ ముందే టైప్ చేయించిన పేరు: "వెంకట్రావు గారు, ఓనర్."

నేను గుమ్మంలోంచే అరిచా: "దొరికారు! కాపీ!"

వెంకట్రావు గారు వెనక్కి తిరిగి, "ఎవరు బాబూ కాపీ? నేనా, గాడిదా?" అన్నారు.

లావణ్యక్క ఆ డిజైన్ సిస్టమ్ ఫైల్ తెరిచింది. "ఇక్కడ మారిస్తే అందరి పేజీల్లో మారుద్దిరా. అందుకే పెట్టుకున్నాం. వారం నుంచి నువ్వు మారుస్తుంటే సార్ చెయ్యమన్నాడేమో అనుకున్నా." పక్కనే మార్పుల లిస్టు. పైనుంచి కిందిదాకా నా పేరే!

సార్ నా బ్యాగ్ వైపు చూసాడు. నేను తలుపు వైపు చూసా.

ఈలోపు వెంకట్రావు గారు, "ఒక్కచోట మారిస్తే అంతటా మారుద్దా? భలే ఉందే! ఏదీ, ఈ గాడిదలన్నీ ఒక్కసారి తీసెయ్యమ్మా," అన్నారు. అక్క ఒక్క నొక్కు నొక్కింది. అన్నీ మాయం. ఆయన చప్పట్లు!

ఆ చప్పట్ల పుణ్యమా అని నా ట్రయల్ ఇంకో నెల పొడిగించారు. వారమంతా నేను అక్కని అనుమానించానా... ఇప్పుడు నేను మౌస్ మీద చెయ్యేస్తే చాలు, ఆఫీసంతా కుర్చీల్లోంచి లేచి నా వెనక నిలబడుతోంది.